ఎర్ర గుర్తు

మునిసిపాలిటీ మా వీధికి చేసిన మేలు నేనిప్పటికీ మరిచిపోలేదు.

నరసరావుపేటలో మా క్రైస్తవపేట వీధిని వెడల్పు చేసి కొత్త రోడ్డు వేస్తామని టముకు వేయించారు. మర్నాడు ఓవర్సీరు వచ్చాడు. వీధి మొగలో కౌన్సిలరు గారి పత్తి గోదాము ఉంది. దాని స్తంభానికి జేగురుతో ఎర్ర గుర్తు పెట్టించి, ఎందుకో చెప్పకుండా వెళ్ళిపోయాడు.

గోదాముకు ఎదురిల్లు ఆదెమ్మ పిన్నిది. సాయంత్రానికి ఆమె కూడా జేగురు కలిపి తన గుమ్మానికి పూస్తోంది.

"ఏంది పిన్నీ ఇది?" అన్నాను.

"బైబిల్లో, ఐగుప్తు మీదికి చావొచ్చిన రాత్రి నెత్తురు పూసిన గుమ్మాలనే గదే దేవుడు వదిలేసింది. కౌన్సిలరుది కూలుస్తారా ఏంది? వదిలెయ్యడానికే గుర్తు పెట్టుంటారు. మనమూ పెట్టుకుంటే పోలా?"

నాకూ నిజమేననిపించింది.

మూడోనాడు ఓవర్సీరు గడ్డపారల మనుషులతో వచ్చాడు. రెండు పక్కలా గుర్తులు చూసి, ఏదో తట్టినట్టు నవ్వాడు.

"ఏమ్మా, చెంబెడు నీళ్ళిస్తావా?" అని పిన్నిని అడిగాడు.

మా పేటలో నీళ్ళు ముట్టిన ఆఫీసరు అంతవరకూ లేడు. పిన్ని చింతపండు వేసి చెంబు తళతళలాడేలా తోమింది. తేరిన నీళ్ళు నింపి, రెండు చేతులా పట్టుకొచ్చింది.

"కింద పెట్టు" అన్నాడు.

ఆ చెంబును కూలీ చేత తీయించాడు. "రోడ్డు వెడల్పుకు కొట్టెయ్యడానికి ఒక పక్క చాలురా" అంటూ, ఆ నీళ్ళతోనే గోదాము స్తంభం మీది గుర్తు కడిగించాడు.