నీళ్ళు కావు

వాపీలోని రంగుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఆ రాత్రి హేతల్ ఒక్కతే పనిచేస్తోంది. దాహమేసి, బల్ల మీదున్న ప్లాస్టిక్ నీళ్ళ సీసా అందుకుంది. వేళ్ళకి ఏదో తడిగా అంటింది. సీసా మీద మార్కర్‌తో రాసి ఉంది: "తాగకు బేటా, ఇవి నీళ్ళు కావు."

అది జశుకాకా చేతిరాత. తాగే సీసాల్లో యాసిడ్ పోసినవాళ్ళని తిట్టిపోస్తూ ఇదే ల్యాబ్‌లో పనిచేసిన ఆ పెద్దాయన చనిపోయి నెల దాటింది. మూత తీసి చూస్తే ఘాటుకి ముక్కు మండిపోయింది. వేళ్ళ మీద సిరా ఇంకా ఆరలేదు.

హేతల్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చీకటిగా ఉన్న లోపలి గదివైపు తిరిగి మెల్లగా అడిగింది.

"కాకా, ఇంకా ఇంటికి వెళ్ళలేదా?"

"నీ డ్యూటీ అవనీ, బేటా."