కొత్త బలం

కింది నుంచి గాలి తోసే బల్ల మీద నూరు గాజు బిళ్లలు తేలుతూ, ఒకదాన్నొకటి ఢీకొంటున్నాయి. ఢీకొన్నప్పుడల్లా కాస్త జోరు తగ్గి, ఎప్పటికో గుంపులు కట్టాలి. పొడి బిళ్లలకు రెండు నిమిషాలు పడుతుందని లెక్క. నావి ఇరవై సెకన్లకే చాన్నాళ్లకు కలిసిన అక్కాచెల్లెళ్లలా అతుక్కుపోతున్నాయి.

మూడు వారాలుగా ఇదే తంతు. పొడి బిళ్లల మధ్య ఎవరికీ తెలియని ఆకర్షణ బలం కనిపెట్టానని వ్యాసం రాసేసి, సంతకం కోసం మా ప్రొఫెసర్‌గారి ముందు పెట్టాను.

"శభాష్! పంపేముందు ఇంకొక్కసారి చూద్దామమ్మా," అంటూ ఆయన అలవాటు ప్రకారం ఒక్కో బిళ్ల మీదా 'హా' అని ఊది, చొక్కా అంచుతో తుడిచి, బల్ల మీద పెట్టసాగారు.

ఆ 'హా' వినగానే నాకు నిన్నటి సంగతి గుర్తొచ్చింది. నిన్న ఆయన సెలవు. నిన్న బిళ్లలు రెండు నిమిషాలూ తిరిగాయి. బల్ల పాడైందనుకుని ఆ లెక్క నేనే కొట్టేశాను!

"సార్... ఏమీ అనుకోకండి. ఆ కొత్త బలం మీ ఊపిరి తడేనండి."

అనేసి నాలుక కరుచుకున్నాను.

ఆయన నవ్వుతూ జేబులోంచి చివికిన చిన్న పుస్తకం తీశారు. 'నోరు విప్పడానికి పట్టిన రోజులు' అన్న శీర్షిక కింద, పాత విద్యార్థుల వరుసలో నా పేరు చేర్చి, 'ఇరవై రెండు' అని రాశారు.

అన్నిటికంటే పైన, వేరెవరిదో దస్తూరీలో, ఆయన పేరే ఉంది. తొంభై ఆరు.