మంచం చుట్టూ

పాస్టరమ్మ ఈ చలికాలం దాటదట. డాక్టరు పెదవి విరిచేశాడట. పాలు పోసే ఆవిడతో పాస్టరు అయ్యగారే స్వయంగా అన్నాడట. పక్కింటావిడ ఈ కబురు కిటికీలోంచి అందించి, "నేనన్నానని మాత్రం ఎక్కడా అనకమ్మా" అని రెక్కలు దగ్గరికి వేసేసుకుంది.

టైలరమ్మ కాలు మిషను మీదే ఆగిపోయింది. అయ్యో, అమ్మగారు, అనుకుంది. ఆ వెనకాలే ఇంకో ఆలోచన తోసుకొచ్చింది. దానికి తనే సిగ్గుపడింది.

అమ్మగారు పోతే, అక్క మళ్లీ మాట్లాడదు.

నిరుటి దాకా వాళ్ల చర్చి తలుపుకు రెండు తాళాలుండేవి. తాళంచెవులు దాచే తాళాలాయన వర్గం వేసింది ఒకటి, గంట కొట్టే గంటాయన వర్గం వేసింది ఒకటి. సంఘపెద్ద ఎవరన్న దగ్గర మొదలైన గొడవ ఎవరి ఆరాధన ముందన్న దాకా పాకింది. టైలరమ్మ మొగుడు తాళాలాయన వైపు, అక్క మొగుడు గంటాయన వైపు. ఒక తల్లి కడుపున పుట్టిన అక్కచెల్లెళ్లు వీధిలో ఎదురుపడితే మొహాలు తిప్పుకునేవారు. ఒక ఆదివారం చర్చి మెట్ల మీద తోపులాట జరిగింది. ఆపుదామని మధ్యలోకొచ్చిన అమ్మగారు పై మెట్టు నుంచి కిందికి దొర్లిపోయింది. ఎవరి చెయ్యి తగిలిందో ఎవరికీ తెలియదు. అందుకే ఎవరికి వాళ్లు తమదేమోనని కుమిలిపోయారు. తుంటి ఎముక విరిగిందని అయ్యగారు ఆసుపత్రి నుంచి వచ్చి చెప్పిన సాయంత్రమే రెండు తాళాలూ ఊడాయి. అప్పటి నుంచీ ఆ మంచం దగ్గర వంతులే వంతులు. ఒక పూట ఈ వర్గం వంట, ఇంకో పూట ఆ వర్గం చాకిరీ.

మెడలో టేపు వేసుకుని టైలరమ్మ అయ్యగారింటికి వెళ్లింది. అమ్మగారికి కొత్త నైటీ కుట్టాలి. వంటింట్లో అక్క గిన్నెలు తోముతోంది.

"ఏమే, మీ తాళాలాయన ఇంకా రాలేదా?"

"మీ గంటాయన మాత్రం వచ్చాడా? ఎవరో ఒకరు గంట కొడితే గానీ కదలడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు సగంలో ఉండగానే టైలరమ్మ గొంతు తగ్గించి, "డాక్టరు పెదవి విరిచాడటే అక్కా" అంది.

అక్క చేతిలో గిన్నె జారింది. "నోర్ముయ్యి. ఆవిడే లేకపోతే మనం మళ్లీ..." మిగతా మాట మింగేసింది.

అయ్యగారు అమ్మగారి గది గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎవరొచ్చినా ఆయన అక్కడే ఉంటాడు. "త్వరగా కానివ్వు తల్లీ, మాట్లాడించకు. అలిసిపోతుంది."

పడుకోబెట్టే కొలతలు తీసింది టైలరమ్మ. జబ్బ కొలత పోయినసారి కంటే పెరిగింది. ఒళ్లు నీరు పట్టింది పాపం, అనుకుంది. పాత నైటీ అంచు పీచు లేచి మట్టిగొట్టుకుని ఉంది. ఎత్తి కుర్చీలో వేసేటప్పుడు నేలకు ఈడ్చేస్తున్నారు కాబోలు.

"పొడుగెంత ఉంచమంటారు అమ్మగారూ?"

"నడిచేటప్పుడు కాళ్లకు చుట్టుకోకుండా కుట్టమ్మా."

టైలరమ్మకు కళ్లలో నీళ్లు నిండాయి. టేపు మీది అంకెలు అలుక్కుపోయాయి.

"పొడుగ్గానే కుట్టు," అన్నాడు అయ్యగారు కుర్చీలోంచి. "పాదాలు కప్పేటట్టు."

ప్రార్థన వేళకు గది నిండిపోయింది. మంచానికి ఈ పక్క తాళాలాయన, ఆ పక్క గంటాయన.

"వచ్చే ఆదివారం వాక్యం మావాడు చదువుతాడు," అన్నాడు గంటాయన.

"పోయిన వారం చదివిందెవరో?"

"దాన్ని చదవడమంటారా? నత్తి నత్తిగా!"

"మరే, మీవాడు నోరు తెరిస్తే పరలోకం దిగొస్తుంది!"

గొంతులు లేచాయి. వెనకాల ఎవరో చొక్కా చేతులు పైకి మడిచారు. టైలరమ్మ పక్కకు చూసింది. అక్క అప్పటికే తన మొగుడి వైపు ఒక అడుగు జరిగి ఉంది.

అయ్యగారు లేచి వచ్చి అమ్మగారి పాదాల మీద దుప్పటి సర్దాడు. నెమ్మదిగా, అందరికీ కనబడేటట్టు సర్దాడు. రెండు నోళ్లూ మూతబడ్డాయి. మడిచిన చేతులు కిందికి దిగాయి. అక్క వెనక్కి వచ్చి చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"ఈ మంచమే మన సంఘాన్ని ఒక్కటి చేసింది," అన్నాడు అయ్యగారు. "మోకరించండి."

అందరూ మోకాళ్ల మీద కూలబడ్డారు. అమ్మగారిని లేపమని తలొక గొంతుతో ఏడ్చారు. టైలరమ్మ మాత్రం అక్క చెయ్యి వదలకుండా, "లేపకపోయినా ఫర్వాలేదు ప్రభువా, పోనివ్వకు" అని వేడుకుంది. ఏం అడిగిందో తెలిసొచ్చి ఒళ్లు జలదరించింది. అయినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

తాళాలాయన మంచం పట్టె మీద తల ఆనించాడు. ముసలి భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"తల్లీ, నిన్ను పడేసిన చేతులు మావే. ఇన్నాళ్లుగా మొత్తుకుంటున్నా దేవుడు మా మొర వినట్లేదు. ఇంకేం చెయ్యమంటావో నువ్వే చెప్పు. ఉపవాసాలుండమంటావా?"

"మేమూ ఉంటాం," అన్నాడు గంటాయన. "అందరం కలిసే ఉంటాం."

"ఆవిణ్ణి అడక్కండి!" అయ్యగారు గబుక్కున మధ్యలోకొచ్చాడు.

అమ్మగారు ఒకసారి పైకప్పు వంక చూసింది. తర్వాత మొగుడి వంక చూసింది. చేత్తో దుప్పటి పక్కకు తీసేసింది.

"దేవుడు నన్నెప్పుడో బాగుచేశాడు, లేవనివ్వనిది ఈయనే."