ముప్పై రెండు ఖాళీలు

"లైన్ల అంచులు దారం పట్టినట్టున్నాయి, చూడు!" అంటూ కగ్వా తన తెరను నకిమూలి వైపు తిప్పి, వెంటనే నాలుక కరుచుకున్నాడు.

"చూశాలే సెబో," అని తమ భాషలో 'అయ్యగారూ' అంటూ నవ్విందామె. నకిమూలికి పుట్టుకతో చూపు లేదు. కంప్యూటర్ చదివి వినిపిస్తుంటే, విని ప్రోగ్రాములు రాస్తుంది.

ఆ కంపాలా ఆఫీసులో తయారయ్యే, ప్రోగ్రాములు రాసుకునే కోడ్ ఎడిటర్‌కి కగ్వా నెల రోజులు కూర్చుని మెరుగులు దిద్దాడు. ఇక లైను మొదట్లో జాగా వదలడానికి ఎవరు ట్యాబ్ నొక్కినా, ఒక్క ట్యాబ్ గుర్తుకి బదులు నాలుగు ఖాళీలు, అంటే స్పేస్‌లు, పడతాయి. పాత ఫైళ్లూ తెరవగానే అలాగే మారిపోతాయి. పొద్దున్నే అది వేలమంది చేతుల్లోకి వెళ్లిపోయింది. పొగడ్తలు వస్తూనే ఉన్నాయి.

"పొద్దున్నుంచీ ఒక్క లైనూ రాయలేదేం?" అని నకిమూలిని అడిగాడు.

ఆమె హెడ్‌ఫోన్ తీసి అతని చెవికి పెట్టింది.

"స్పేస్, స్పేస్, స్పేస్, స్పేస్..."

"ఏంటిది?"

"ఇదివరకు ఈ లైనుకి ఎనిమిదిసార్లు ట్యాబ్ అనేది. ఇప్పుడు ముప్పై రెండుసార్లు స్పేస్ అంటోంది. ప్రతి లైనూ ఇంతే."

కగ్వా కీబోర్డు దగ్గరకు లాక్కున్నాడు. "పాతదే పెట్టేద్దాం."

"నీ ఒక్కడి వల్ల అవుతుందా? మీటింగులో దీనికి సరేనని అందరూ చేతులెత్తారు."

"నువ్వైనా వద్దనలేకపోయావా?"

"నేనూ ఎత్తానుగా. చూడ్డానికి బాగుంటుందన్నావు, నమ్మాను."

అతను హెడ్‌ఫోన్ తీయబోయాడు. ఆ చప్పుడు ఆమెకు వినిపించింది.

"అప్పుడే తీయకు సెబో. ఆ లైనులో అసలు మాట ఇంకా మొదలవలేదు."