గ్లాసుకి కాపలా

సునామీ వచ్చిపోయిన నెలకి యర్రయ్య చేతిలో ఉన్నవి దీవిలో సముద్రం ఒడ్డునున్న జంగ్లీఘాట్‌లో మళ్లీ తెరిచిన చిన్న దుకాణం, కాసిని బియ్యం బస్తాలు, నాలుగేళ్ల కూతురు లహరి. భూమి ఇంకా అప్పుడప్పుడూ అదురుతూనే ఉంది. అందుకే అతను బల్ల మీద నిండా నీళ్లు పోసిన గ్లాసు పెట్టాడు. నీళ్లు కదిలితే షట్టరు దించి, పిల్లని భుజానెత్తుకుని గుట్టెక్కాలి. గ్లాసుకి కాపలా లహరి.

“నాన్నా, నీళ్లు కదుల్తున్నాయ్!”

పొద్దున కూడా ఇలాగే అరిచింది. గుట్టెక్కి దిగేసరికి బేరాలన్నీ పక్క దుకాణానికి పోయాయి. ఈసారి యర్రయ్య వంగి చూశాడు. లహరి పాదం బల్లకాలిని తంతోంది.

“ఓసి దొంగా, నువ్వా! ఎందుకే?”

“మరి నువ్వు ఊరికే ఎత్తుకోవు కదా.”

బియ్యానికొచ్చిన పక్కింటి గవరమ్మ పకపకా నవ్వింది. “బాగుంది తమ్ముడూ నీ కాపలా! ముందు నాకు తూచు, జల్దీ.”

యర్రయ్యకి కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. “కాలు తియ్యవే.”

లహరి రెండు కాళ్లూ కుర్చీ మీదికి ముడుచుకుంది. “తీసేశాను.”

గ్లాసులో నీళ్లు ఆగలేదు. అంచు దాటి బల్ల మీద ఒలికాయి. తూకం పళ్లాలు వాటంతటవే గలగలమన్నాయి. గవరమ్మ నవ్వు ఆగిపోయింది.

షట్టరు సంగతి మరిచి యర్రయ్య పిల్లని భుజాలకెత్తుకున్నాడు. “పదక్కా, పద!”

గుట్ట మీద నిలబడి అందరూ సముద్రం వైపే చూస్తున్నారు. కింద దుకాణం బార్లా తెరిచి ఉంది.

“నాన్నా, ఇంక దించు,” అంది లహరి.

యర్రయ్య దించలేదు. ఆ పూటకి అతనికి మిగిలిన లాభం ఆ బరువే.