పాస్టర్‌గారికి ఓటు

వెర్లీ తెర లాక్కుని లోపలికి వెళ్ళింది గానీ, పెన్ను కాగితం మీద ఆనడం లేదు.

ఆల్డెన్ గ్రిండిల్. ఆ పేరు పక్కన చిన్న గడి. అందులో గీత గీస్తే, పాస్టర్‌గారు ప్రతినిధుల సభకి ఎన్నికై వాషింగ్టన్ వెళ్ళిపోతారు.

"ఏమే, లోపల నిద్రపోయావా?" తెర అవతల నుంచి ఇడెల్లా కేకేసింది. "అవతల బీన్స్ అయిపోతున్నాయి!"

చర్చి కింది గదే ఆ ఊరికి పోలింగ్ కేంద్రం. ఓటేసి వచ్చినవాళ్ళకి పక్కనే వంటగదిలో తీపి బీన్స్, ఆవిరి మీద ఉడికించిన రొట్టె. అమెరికాలోని మెయిన్ రాష్ట్రానికి ఉత్తరపు కొసన, బంగాళదుంప పొలాల మధ్య ఉన్న ఊరది. ఉన్నది ఒక్కటే చర్చి. ఓటర్లందరూ ఆ చర్చివాళ్ళే.

ఇదంతా ఇడెల్లా వల్లే వచ్చింది. పోయిన చలికాలంలో ఓ ఆదివారం సాక్ష్యాలు చెప్పే వేళ లేచి, "వాషింగ్టన్‌లో దేవుడికి భయపడే మనిషి ఒక్కడైనా ఉండొద్దా? మన పాస్టర్‌గారిని పంపుదాం!" అంది.

చర్చి చర్చంతా లేచి చప్పట్లు కొట్టింది. వెర్లీ కూడా కొట్టింది. కొట్టకపోతే బాగుండదు కదా.

పాస్టర్‌గారి ముఖం ఎర్రబడింది. "మీరందరూ ఇంతగా అంటుంటే నేను కాదంటానా?" అన్నాడు.

మంచి పేరున్న మనిషి దొరికాడని పార్టీవాళ్ళు ఎగిరి గంతేశారు. రోడ్ల పక్కన బోర్డులు వెలిశాయి. ఇడెల్లా ఆయన బొమ్మ ఉన్న బిళ్ళని టోపీకి గుచ్చుకుని ఊరేగింది. బుధవారం ప్రార్థనల్లో అందరూ ఆయన గెలుపు కోసం పైకప్పు అదిరేలా ప్రార్థించారు. వెర్లీ మాత్రం పెదవులు కదిపేది, అంతే.

ఎవరైనా వెళ్ళడానికి కోటు వేసుకుని లేస్తే చాలు, వెర్లీకి గుండె దడ. భర్త పోయాడు. చెల్లెలు పోయింది. అంతకుముందు వచ్చిన పాస్టర్లు పెద్ద చర్చి దొరగ్గానే మూటాముల్లె సర్దుకున్నారు. ఉండిపోయింది ఈయనొక్కడే. నీళ్ళ గొట్టాలు గడ్డకడితే అర్ధరాత్రయినా టార్చి పట్టుకుని వస్తాడు. చర్చి వెనక సమాధుల దొడ్లో ఆయన భార్య మేరియన్ ఉంది. ఆ రాతి మీద పడిన మంచుని ప్రతి శనివారం తన చేతులతోనే తుడుస్తాడు.

మొన్న అక్టోబరులో ఆయన పెరట్లో వెల్లుల్లి నాటుతూ కనిపించాడు.

"ఇప్పుడు నాటితే వచ్చే వేసవికి గదండీ చేతికొచ్చేది? అప్పటికి మీరెక్కడుంటారో!" అంది వెర్లీ.

"ఎవరో ఒకరు తింటారులే అక్కా," అంటూ ఆయన మట్టి కప్పాడు.

ఆ మాట గుర్తొచ్చి వెర్లీ కళ్ళు చెమర్చాయి. పోటీలో ఉన్న రెండోవాడు సముద్రం ఒడ్డున పడవలు అమ్ముకునే ఎవరో పెద్దమనిషి. అతని ముఖం కూడా ఆమె ఎరగదు.

"ప్రభువా, ఒక్క క్షణం అటు తిరుగు," అని గొణుక్కుని ఆ పడవలాయన గడిలో గీత గీసేసింది.

వంటగదిలో పాస్టర్‌గారు ఏప్రన్ కట్టుకుని గరిటెతో నిలబడి ఉన్నాడు. పొద్దున తలుపు తీయగానే మొదటి ఓటు ఆయనే వేశాడు. పోటీ చేసేవాళ్ళు ఓట్ల పెట్టె దగ్గర తచ్చాడకూడదని టౌన్ క్లర్కు మెర్టన్ తరిమితే ఇక్కడికొచ్చి పడ్డాడు.

"వేశావా అక్కా?"

"వేశానండీ."

"ఎవరికని అడగనులే," అన్నాడాయన నవ్వుతూ.

వెర్లీ ఆయన ముఖంలోకి చూడకుండా పళ్ళెం చాపింది.

చీకటి పడ్డాక జనమంతా మళ్ళీ అక్కడే చేరారు. పక్కగదిలో మెర్టన్, ఇద్దరు సహాయకులు ఓట్లు లెక్కపెడుతున్నారు. ఒకసారి లెక్కపెట్టి, ఒకరి ముఖాలొకరు చూసుకుని, మళ్ళీ మొదటి నుంచీ మొదలెట్టారు. ఈలోగా రేడియో చెప్పేసింది. పడవలాయన గెలిచాడు. పాస్టర్‌గారు ఓడిపోయాడు.

ఇడెల్లా చేతిరుమాలు తీసి ముఖమంతా కప్పుకుంది. ఆమె భుజాలు అదురుతున్నాయి.

వెర్లీ ఇక ఆగలేకపోయింది. అంతమంది నమ్మకంగా ఓటేస్తే, చేతులారా ద్రోహం చేసింది తనొక్కతే. పాస్టర్‌గారి దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకుంది.

"అయ్యా, నేనొక పాపం చేశాను..."

"ఆకలి మీద పాపాలు వినలేనక్కా. ముందు ఆ రొట్టె ఇటియ్యి," అన్నాడాయన. ఓడిపోయిన మనిషి గొంతులా లేదది.

మెర్టన్ కాగితం పట్టుకుని వచ్చాడు. చెవులు కందగడ్డల్లా ఉన్నాయి.

"మన ఊరి లెక్క పైకి చదవాల్సిందేనా పాస్టర్‌గారూ? ఎటూ ఓడిపోయారు కదా."

"నలుగురి ముందూ చదవాలని కాదూ రూలు? నాన్చక చదవవయ్యా," అంది ఇడెల్లా, రుమాలు తీయకుండానే.

పాస్టర్‌గారు ఉన్నట్టుండి బీన్స్ కుండలోకి వంగి అడుగు గోకడం మొదలెట్టాడు.

మెర్టన్ గొంతు సవరించుకుని చదివాడు: "ఆల్డెన్ గ్రిండిల్‌కి మన ఊళ్ళో పడ్డ ఓట్లు, పొద్దున అందరికంటే ముందు ఆయన వేసిన ఓటు కూడా కలుపుకుని, సున్నా."