ప్రైవేట్ మీటింగ్

జంషెడ్‌పూర్‌లోని ఆ ఆఫీసుకు కొత్తగా కంప్యూటర్ క్యాలెండర్ వచ్చింది. ఎవరి మీటింగ్ ఏమిటో అందరికీ కనిపించేది. మేనేజర్ భీమశంకర్ మీటింగుల దగ్గర మాత్రం ‘ప్రైవేట్’ అని ఉండేది. పెద్దవాళ్ల సంగతులు చిన్నవాళ్లకెందుకని ఆయన ఉద్దేశం.

ఆ సోమవారం, ఆయన కింద పనిచేసే ఇంజనీరు లలితకుమారి పేరు పక్కన కూడా అదే మాట కనిపించింది. ఆయన అందరి ముందూ పకపకా నవ్వాడు.

“ఏటమ్మా, నీకూ రహస్యాలు మొదలైపోనాయేటి? సాక్చీ బజార్లో చీరల బేరమా?”

“ఇక్కడ వద్దు సార్. మీ గదిలోకి వచ్చి చెప్తాను.”

“నీ పనికి మళ్లీ తలుపులెయ్యడమొకటా! ఖోలో, ఇక్కడే తెరువు. అందరూ చూత్తారు.”

ఆమె ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసి, మౌస్ నొక్కింది.

‘హెడ్డాఫీసుతో సమావేశం. భీమశంకర్ తొలగింపు. ఆయన స్థానంలో లలితకుమారి.’

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. భీమశంకర్ పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“నాకు తెలీకుండా దాచీసినావా?” అన్నాడు.

“వాళ్లు మీకు చెప్పేలోగా, మిమ్మల్ని చూసి ఎవరూ నవ్వకూడదని దాచాను సార్.”